కైరోలో పాండిత్యాన్ని తేల్చేదెవరు?

చరిత్ర, సాహిత్యం, మతగ్రంథాల అధ్యయనం వంటి శాస్త్రాల్లో ఏ మాట నిలుస్తుందో పండితుల వాదనే తేలుస్తుందని అనుకుంటాం. చాలాసార్లు దాన్ని తేల్చేది కమిటీ నివేదిక. కైరో విశ్వవిద్యాలయం చరిత్ర చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది.

1908లో ప్రైవేటుగా మొదలైన ఈ సంస్థ 1925లో ప్రభుత్వ విశ్వవిద్యాలయమైంది. అదే నగరంలో వెయ్యేళ్ల నాటి ఇస్లామిక్ విద్యాకేంద్రం అల్-అజహర్ ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైన మరుసటి ఏడాదే అక్కడ అరబిక్ సాహిత్యం బోధించే తాహా హుస్సేన్ పుస్తకం వచ్చింది. ఇస్లాంకు ముందుదని చెప్పుకునే కవిత్వంలో చాలా భాగం తర్వాతివాళ్లు కల్పించిందేనని ఆయన వాదన. ఖురాన్‌లోని మాటలకు అర్థం చెప్పేటప్పుడు వ్యాఖ్యాతలు ఆ పద్యాలనే సాక్ష్యంగా తెచ్చుకునేవారు. పద్యాలు బూటకమైతే వ్యాఖ్యానాల పునాదే కదులుతుంది. అజహర్ పండితుల ఫిర్యాదుతో విచారణ జరిగింది. ప్రాసిక్యూటర్ కేసు మూసేశారు, కానీ పుస్తకం మార్పులతో, కొత్త పేరుతో మళ్లీ రావాల్సివచ్చింది. 1932లో ప్రభుత్వం ఆయన్ను డీన్ పదవి నుంచి తప్పించినప్పుడు, విశ్వవిద్యాలయాధిపతి లుత్ఫీ అల్ సయ్యద్ నిరసనగా రాజీనామా చేశారు.

1947లో ముహమ్మద్ ఖలఫల్లా ఖురాన్ కథల్ని సాహిత్య దృష్టితో పరిశీలించి సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే విశ్వవిద్యాలయమే దాన్ని తిరస్కరించింది. పర్యవేక్షకుడు అమీన్ అల్ ఖూలీని ఖురాన్ అధ్యయనాలకు దూరం పెట్టారు. ఇలాంటి తిరస్కరణ ఒక్క విద్యార్థితో ఆగదు. ఆ దారిలో పర్యవేక్షించే గురువే లేనప్పుడు తర్వాతివాళ్లు వేరే అంశం వెతుక్కుంటారు.

ఆ దారినే మళ్లీ పట్టిన ఇక్కడి అధ్యాపకుడు నస్ర్ హామిద్ అబూ జైద్ 1992లో ప్రొఫెసర్ పదోన్నతికి దరఖాస్తు చేశారు. ఆయన రచనల్ని చూసిన ముగ్గురు పరిశీలకుల్లో ఇద్దరు మెచ్చుకున్నారు. మూడో ఆయన అబ్దుల్ సబూర్ షాహీన్, అదే విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, మసీదు ఉపన్యాసకుడు కూడా. అబూ జైద్ రచనల్లో మతద్రోహం ఉందని షాహీన్ అన్నారు. పదోన్నతుల కమిటీ 7-6 ఓట్లతో షాహీన్ వైపు మొగ్గింది. విభాగం, ఫ్యాకల్టీ అబూ జైద్‌ను సమర్థించినా లాభం లేకపోయింది. వ్యవహారం న్యాయస్థానానికి చేరింది. 1995 జూన్‌లో అప్పీలు కోర్టు ఆయన్ను మతభ్రష్టుడిగా తేల్చి, ఆ కారణంతోనే భార్య ఇబ్తిహాల్ యూనిస్‌తో వివాహాన్ని రద్దు చేసింది. దంపతులు నెదర్లాండ్స్ వెళ్లిపోయారు.

ఆ తీర్పుకు కాస్త ముందే విశ్వవిద్యాలయం ఆయనకు ప్రొఫెసర్ పదవి ఇచ్చింది. కాబట్టి దీన్ని మతానికీ చదువుకూ పోరాటంగా మాత్రమే చూడటం పొరపాటు. ఆయన్ను ఆపిందీ, నిలబెట్టిందీ ఒకే విశ్వవిద్యాలయంలోని ఆచార్యులే.