రక్తపరీక్షలో అంకెలను కలిపి చదవవలెను

రక్తపరీక్షల ఫలితాలను సరిచూసి సంతకం చేయడం నా వృత్తి. కాగితం అందుకున్నవారు నన్ను అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: "షుగరు ఉన్నదా, లేదా?" లేదని వినగానే దానిని మడిచి సంచిలో పెట్టుకుంటారు. మిగిలిన అంకెల మాట అడిగేవారు అరుదు.

ఉదాహరణకు 40 ఏండ్ల గృహిణి ఒకరికి పరగడుపు గ్లూకోజు 108, ట్రైగ్లిజరైడ్లు 170, మంచి కొలెస్ట్రాల్‌గా పేరొందిన హెచ్.డి.ఎల్. 42 అనుకుందాము. మూడింటిలో ఏ ఒక్కటీ భయపెట్టేది కాదు. మూడూ కలిసినప్పుడు మాత్రం వైద్యులు దానిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఈ స్థితిలో ఉన్నవారికి మున్ముందు మధుమేహం వచ్చే ముప్పు సుమారు 5 రెట్లు, గుండెజబ్బు ముప్పు సుమారు 2 రెట్లు అధికము.

నిర్ణయానికి చూసేవి ఐదు. పరగడుపు గ్లూకోజు 100 లేదా ఆపైన, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, హెచ్.డి.ఎల్. పురుషులలో 40 కంటె, స్త్రీలలో 50 కంటె తక్కువ. ఇవి రక్తంలో తెలిసేవి. పై రక్తపోటు 130కి గాని, క్రింది రక్తపోటు 85కి గాని చేరడం నాలుగవది. ఐదవది నడుము కొలత: మన దేశీయులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. ఐదింటిలో ఏ మూడు ఉన్నా చాలును. మందులతో అదుపులో ఉన్న అంకెను కూడా లెక్కలోనికి తీసుకోవలెను. ఈ సంగతి చాలామంది మరచిపోతారు.

వీటన్నిటికీ ఉమ్మడి మూలం ఇన్సులిన్ ఆజ్ఞను శరీరం సరిగా పాటించకపోవడమేనని 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ ప్రతిపాదించారు. అప్పుడు క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్‌ను స్రవించి గ్లూకోజును చాలాకాలం అదుపులోనే ఉంచుతుంది. కనుక ఆ అంకె ఆలస్యంగా కదులుతుంది. ఈలోగా కాలేయం రక్తంలోనికి కొవ్వును అధికంగా పంపుతుంటుంది. ట్రైగ్లిజరైడ్లు పెరగడం, హెచ్.డి.ఎల్. తగ్గడం అందువలననే.

"నేను సన్నగానే ఉన్నాను కదా!" అనేవారికి ఒక ముచ్చట. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి శరీర కొలతలను 2004లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఎత్తుకు బరువును పోల్చే బి.ఎం.ఐ. ఇద్దరికీ 22.3. దేహంలోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతము, యాజ్ఞిక్‌కు 21.2 శాతము! బరువు యంత్రం కంటె దర్జీ టేపునే నేను ఎక్కువగా నమ్మడానికి కారణం ఇదే.

పరగడుపు అంటే వ్రతదినాల ఉపవాసం వంటిది కాదు. పాలు, పండ్లు, కాఫీ ఏవీ పనికిరావు, మంచినీరు త్రాగవచ్చును. రాత్రి భోజనం తరువాత 10 నుండి 12 గంటలు గడిచిన పిమ్మట రక్తమివ్వవలెను. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు ఆ ఉదయం వాటిని ఎప్పుడు తీసుకోవలెనో ముందురోజే తమ వైద్యుని అడిగి తెలుసుకోవలెను.