ఇంకా తయారవుతున్న ఆపరేటింగ్ సిస్టమ్: హార్డ్‌వేర్ పరీక్షలో వాడుకదారుల పాత్ర

డ్రైవర్ అంటే ఏమిటో కిందటి పాఠంలో చదివారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, ప్రింటరు, సౌండ్ కార్డు, వై-ఫై వంటి పరికరానికీ మధ్య దుబాసీలా పనిచేసే ప్రోగ్రామే డ్రైవర్. ఇప్పుడొక సందేహంతో మొదలుపెడదాం. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నవారి దగ్గర మహా అయితే నాలుగైదు కంప్యూటర్లు ఉంటాయి. బజారులో ఉన్నవి వేల రకాలు. తమ దగ్గర లేని యంత్రంలో తమ ప్రోగ్రాము నడుస్తుందో లేదో వారికి ఎలా తెలుస్తుంది?

పెద్ద సంస్థలు ఇందుకోసం ప్రయోగశాలలు పెట్టుకుంటాయి. పరికరాలు తయారుచేసేవారే వాటికి డ్రైవర్లు రాసి ఇస్తారు. స్వచ్ఛందంగా నడిచే ప్రాజెక్టులకు ఆ వెసులుబాటు తక్కువ. వాటికి వాడుకదారులే దిక్కు.

లైనక్స్ ఇలాగే మొదలైంది. 1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, 386 కంప్యూటర్ల కోసం తాను రాస్తున్న సిస్టమ్ గురించి మినిక్స్ వాడుకదారులకు తెలియజేశాడు. ఏటీ రకం హార్డ్ డిస్కులు తప్ప మరేవీ అందులో బహుశా ఎన్నటికీ పనిచేయవనీ, తన దగ్గర ఉన్నది అదొక్కటేననీ దాపరికం లేకుండా చెప్పాడు. మొదటి విడుదలలో కీబోర్డు కూడా ఫిన్లాండుదే. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 0.11 నాటికి అమెరికన్, జర్మన్, ఫ్రెంచ్ కీబోర్డులు చేరాయి. 1992లో స్కజీ డిస్కులూ వచ్చాయి. ఈ పరికరాలన్నీ టోర్వాల్డ్స్ గదికి నడిచి రాలేదు. అవి ఉన్నవాళ్లు తమ యంత్రాల్లో ప్రయత్నించి, ఎక్కడ ఆగిందో చెప్పారు. చేతనైనవాళ్లు కోడు రాసి పంపారు.

ఈనాటి ఉదాహరణ హైకూ. బీఓఎస్ అనే వ్యాపార సిస్టమ్ ఆగిపోయాక, దాన్ని తిరిగి నిర్మించడానికి 2001లో స్వచ్ఛంద కార్యకర్తలు ఈ ప్రాజెక్టు మొదలుపెట్టారు. తొలి బీటా రావడానికి 2018 సెప్టెంబరు పట్టింది. అయిదో బీటా 2024లో వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా అది ఇంకా తయారీలోనే ఉంది. కనుక పరీక్షకుల అవసరమూ తీరలేదు.

పరీక్ష ఎలా జరుగుతుందో చూద్దాం. హైకూను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, అక్కడి నుంచే కంప్యూటరును ప్రారంభించవచ్చు. మొదలవుతున్నప్పుడు తెరపై వరుసగా ఉన్న బొమ్మలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఒక్కో బొమ్మ ఒక్కో దశకు గుర్తు. ఏ బొమ్మ దగ్గర ఆగిందో చెప్పినా డెవలపర్‌కు సగం దారి దొరికినట్టే. తెర నల్లగా ఉండిపోతే, ప్రారంభ మెనూలోకి వెళ్లి సాధారణ వీడియో పద్ధతిని ఎంచుకుని మళ్లీ ప్రయత్నిస్తారు. అప్పుడు బొమ్మ వస్తే లోపం గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఉందని అనుమానించవచ్చు. సిస్టమ్ తన పని గురించి తానే రాసుకునే దినచర్య వంటి ఫైలు, అంటే సిస్‌లాగ్, నివేదికకు జతచేయాలి.

యంత్రం పేరు రాస్తే సరిపోదు. ఒకే మోడల్ పేరుతో అమ్మే రెండు ల్యాప్‌టాప్‌లలో వై-ఫై చిప్పులు వేరుగా ఉండవచ్చు. పీసీఐ పద్ధతిలో కలిసే ప్రతి పరికరానికీ తయారీదారు సంఖ్య ఒకటి, పరికర సంఖ్య ఒకటి ఉంటాయి. రెండూ నాలుగంకెల హెక్సాడెసిమల్ సంఖ్యలు. ఇంటెల్ తీసుకున్న సంఖ్య 8086. తన ప్రసిద్ధ ప్రాసెసర్ పేరే అది! డ్రైవర్ తనకు తెలిసిన చిప్పును ఈ సంఖ్యలతోనే గుర్తుపడుతుంది. అందుకే అట్టపెట్టె మీది పేరు కన్నా ఈ రెండు సంఖ్యలే డెవలపర్‌కు ఎక్కువ ఉపయోగం.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక పాత ల్యాప్‌టాప్‌లో ఇటువంటి సిస్టమ్‌నే పరీక్షించి, “అన్నీ పనిచేస్తున్నాయి, నెట్ కూడా వస్తోంది” అని రాసిచ్చాను. నేను వాడింది కేబుల్ ద్వారా వచ్చే నెట్. నా మాట నమ్మి ఒక విద్యార్థి అదే మోడల్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అతని హాస్టల్‌లో ఉన్నది వై-ఫై ఒక్కటే. అది రాలేదు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు. “మీరు రాశారు కదా సార్” అన్నాడే తప్ప మరో మాట అనలేదు. నేను అబద్ధం రాయలేదు. కానీ చూడనిదాన్ని చూసినట్టు రాశాను. అప్పటి నుంచి వై-ఫై, శబ్దం, మూత వేస్తే నిద్రపోయి మళ్లీ లేవడం అని విడివిడిగా రాస్తున్నాను. చూడనిదాని ఎదుట “చూడలేదు” అనే రాస్తాను.

నిన్న పనిచేసింది ఇవాళ ఆగిపోవడం మరో సమస్య. డ్రైవర్‌లో చేసిన మార్పు ఒక చిప్పుకు మేలు చేసి మరొకదానికి కీడు చేయవచ్చు. పనిచేసిన కూర్పుకూ, చెడిన కూర్పుకూ మధ్య 1,000 మార్పులు జరిగాయనుకోండి. సరిగ్గా మధ్యలో ఉన్న కూర్పును పరీక్షిస్తే తప్పు ఏ సగంలో ఉందో తేలుతుంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలి. 2ను పదిసార్లు గుణిస్తే 1,024 కనుక దాదాపు పది పరీక్షలతో తప్పు చేసిన మార్పు చేతికి చిక్కుతుంది. ఒక్క వరుస కోడు రాని వాడుకదారు కూడా ఈ పని చేయగలడు. మార్పులు రాసిన నిపుణుడు చేయలేకపోవచ్చు; ఆ యంత్రం అతని దగ్గర లేదు మరి.

ప్రయత్నించాలనుకుంటే ముందు మీ ఫైళ్ల నకలు వేరేచోట దాచుకోండి. 1991 చివరలో టోర్వాల్డ్స్ అంతటివాడే మోడెమ్‌కు పంపవలసిన ఫోన్ డయల్ ఆదేశాన్ని హార్డ్ డిస్క్‌కు పంపి, తన మినిక్స్ భాగాన్ని పాడుచేసుకున్నాడు.

అభ్యాసం: కింది రెండు నివేదికలు చదవండి.

(అ) “మా డెస్క్‌టాప్‌లో హైకూ బ్రహ్మాండంగా ఉంది. ధన్యవాదాలు.”

(ఆ) “అయిదో బీటా, 64 బిట్. పెన్‌డ్రైవ్ నుంచి ప్రారంభించాను. మూడో బొమ్మ దగ్గర ఆగింది. సాధారణ వీడియో పద్ధతిలోనూ అక్కడే ఆగింది. నాలుగో బీటా ఇదే యంత్రంలో నడిచింది.”

మొదటి దాన్నిబట్టి అదే డెస్క్‌టాప్ కొనమని స్నేహితుడికి సలహా ఇస్తారా? రెండో నివేదిక రాసినవారిని డెవలపర్ ఇంకా ఏయే వివరాలు అడగాలి? ఆ నివేదికలో గ్రాఫిక్స్ డ్రైవర్‌పై అనుమానాన్ని తగ్గించే వాక్యం ఏది?