ఎన్నడూ కలవని వాని కొరకు ఏడ్చినవారు



ఒక యౌవనస్థుడు మాకు ఉత్తరం వ్రాశాడు. తాను ఎంతో అభిమానించే ఒక ఫుట్‌బాల్ ఆటగాడు చిన్న వయస్సులోనే క్యాన్సర్‌తో చనిపోయాడని తెలిసి ఆ రాత్రి అన్నం తినలేకపోయాడట. ఇంట్లోవాళ్లు, "వాడు మనకేమైనా చుట్టమా? మీ తాతయ్య పోయినప్పుడు కూడా నువ్వింత ఏడవలేదే" అని నవ్వారట. "అయ్యగారూ, నేను చేసింది తప్పా?" అని అడిగాడు.

తప్పు కాదు బాబూ. అంతమాత్రం చెప్పి ఊరుకోవచ్చు. కాని ఇటువంటి దుఃఖం ఎలా పుడుతుందో, అది ఎంతవరకు పోతుందో తెలియాలంటే ఒక మనిషి సంగతి మీకు చెప్పాలి. ఆయన పేరు బ్రయాన్ పికోలో.

ముందుగా ఒక మాట. మన ఊళ్లలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచేది వేరు. కోలగా ఉండే బంతిని చేత్తో గట్టిగా పట్టుకొని, అడ్డుపడే బలాఢ్యుల మధ్యనుండి దూసుకొని పరుగెత్తాలి. అలా పరుగెత్తడమే పికోలో పని. వాళ్ల పెద్ద ఆటలు ఎక్కువగా ఆదివారమే జరుగుతాయి. పాస్టర్లకు అది కొంచెం కష్టమే, ఆ సంగతి ఇప్పుడొద్దు.

ఆయన 1943 అక్టోబరు 31న పుట్టాడు. ఫ్లోరిడాలో పెరిగి, వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో చదివాడు. 1963లో అక్కడ ఒక ఆట జరిగింది. ఎదుటి జట్టు మేరీలాండ్ తరఫున డారిల్ హిల్ అనే నల్లజాతి యువకుడు ఆడుతున్నాడు. ఆ జట్లన్నిటిలో నల్లవాడు అతనొక్కడే. చూడవచ్చిన జనం అతనిని దూషిస్తూ కేకలు వేస్తున్నారు. పికోలో వాళ్ల సొంత జనం ఎదుటనే మైదానం దాటి వెళ్లి, హిల్ భుజం మీద చెయ్యి వేసి, తమవాళ్లు కూర్చున్న వైపుకు అతనిని నడిపించుకొని వచ్చాడు. కేకలు ఆగిపోయాయి. ఈ సంగతి తరువాత హిల్ తానే చెప్పాడు. అప్పటికి పికోలో వయస్సు సుమారు ఇరవై ఏండ్లు.

1964లో అమెరికా కాలేజీ ఆటగాళ్లందరిలో పరుగులోను, పాయింట్లలోను ఆయనే మొదటివాడు. అయినా పెద్ద జట్లు ఆటగాళ్లను ఎంచుకునే రోజున ఒక్క జట్టు కూడా ఆయన పేరు పిలవలేదు. పొట్టివాడు, వేగం చాలదు అన్నారు. చివరికి చికాగో బేర్స్ జట్టు చేర్చుకుంది. అక్కడ ఆయన స్థానంలోనే గేల్ సేయర్స్ అనే మహా ఆటగాడు ఉన్నాడు. అందుచేత పికోలో చాలాకాలం బల్ల మీద కూర్చొని తన వంతు కోసం ఎదురు చూశాడు. సేయర్స్ నల్లవాడు, పికోలో తెల్లవాడు. 1967లో జట్టువారు వీరిద్దరినీ ఒకే గదిలో ఉంచారు. ఆ రోజుల్లో అది అక్కడ ఎంత అరుదైన సంగతో మనకు సులభంగా అర్థం కాదు. కాని కులాన్ని బట్టి గ్లాసులు వేరుగా పెట్టిన ఊళ్లనుండి వచ్చినవారు ఆలోచిస్తే అర్థమవుతుంది.

1968 నవంబరులో సేయర్స్ మోకాలు దెబ్బతిన్నది. ఇక ఆడలేడేమో అనుకున్నారు. ఆయన స్థానం పికోలోకు వచ్చింది. లోకరీతిగా చూస్తే, పైవాడు పడిపోతే క్రిందివానికి లాభం. అయితే సేయర్స్‌కు ధైర్యం చెప్పి, తిరిగి మైదానంలోకి వచ్చేలా వెంటపడినవాడు ఆ పికోలోనే. 1969లో సేయర్స్ తిరిగి వచ్చి, ఆ యేడు లీగు మొత్తంలో అందరికంటె ఎక్కువ దూరం పరుగెత్తాడు. జట్టు మాత్రం 14 ఆటలలో ఒక్కటే గెలిచింది.

ఓడిపోయే జట్టుకు అభిమానులుగా ఉన్నవారిని మీరెప్పుడైనా చూశారా? వాళ్లకు కప్పులు ఉండవు, సంబరాలు ఉండవు. వారం వారం చలిలో వచ్చి కూర్చుంటారు. అటువంటివారికి మహా వీరుని కంటె కూడా, చొక్కా తడిసేటట్టు కష్టపడే మామూలు మనిషి దగ్గరివాడవుతాడు. అతనిలో తమను తాము చూసుకుంటారు. పికోలోను చికాగోవారు అలా ప్రేమించారని నా అభిప్రాయం.

1969 నవంబరు 16న అట్లాంటాలో ఆట జరుగుతుండగా పికోలో తనంతట తానే మైదానం విడిచి బయటకు వచ్చేశాడు. ఊపిరి ఆడటం లేదు. ఎన్నడూ అలా చేయనివాడు గనుక తోటివారు భయపడ్డారు. చికాగోకు వచ్చి ఎక్స్‌రే తీయిస్తే ఛాతీలో గడ్డ కనబడింది. ఎంబ్రియోనల్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్. న్యూయార్కులో గడ్డ తీసివేశారు. 1970 ఏప్రిల్‌లో ఎడమ ఊపిరితిత్తి కూడా తీయవలసి వచ్చింది. అయినా వ్యాధి కాలేయానికి ప్రాకింది.

ఆ మే నెలలోనే న్యూయార్కులో సేయర్స్‌కు ధైర్యశాలి అని ఒక బహుమానం ఇచ్చారు. ఆయన లేచి, ఈ బహుమానం నాది కాదు, నా స్నేహితుడు పికోలోది, ఈ రాత్రి మీరు మోకాళ్లూనినప్పుడు అతని కొరకు దేవునికి మనవి చేయండి అనే భావంతో మాట్లాడాడు. ఎంతోమంది ప్రార్థించి ఉంటారు. సుమారు మూడు వారాలకు, 1970 జూన్ 16న పికోలో చనిపోయాడు. వయస్సు 26. భార్య, ముగ్గురు చిన్న కుమార్తెలు మిగిలారు. పెట్టె మోసినవారిలో సేయర్స్ ఉన్నాడు.

ఇక్కడ చాలామంది ప్రసంగీకులు తొందరపడతారు. నేనూ ఒకప్పుడు తొందరపడ్డాను. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లితో, దీనివలన ఏదో మేలు కలుగుతుందమ్మా అన్నాను. ఆమె నావైపు చూసిన చూపు నేను మరచిపోలేదు. అంతటితో ఆ మాట మానుకున్నాను. లాజరును లేపబోతున్నానని ఎరిగి కూడా యేసుప్రభువు కన్నీళ్లు విడిచాడు గదా! ఆ కన్నీళ్లను దాటవేసి ముందుకు పోయే అధికారం మనకెక్కడిది?

1971 నవంబరు 30న వీరిద్దరి స్నేహం మీద తీసిన 'బ్రయాన్స్ సాంగ్' అనే చిత్రం అమెరికా టీవీలో వచ్చింది. సేయర్స్ వ్రాసిన 'ఐ యామ్ థర్డ్' అనే పుస్తకంలోనిదే ఆ కథ. దేవుడు మొదట, స్నేహితులు తరువాత, మూడోవాడిని నేను అనే అర్థంతో ఆయన ఆ పేరు పెట్టుకున్నాడు. పికోలో ఆట ఒక్కసారైనా చూడనివారు, ఫుట్‌బాల్ అంటేనే తెలియనివారు కూడా ఆ చిత్రం చూసి ఏడ్చారు. మగవాళ్లు పిల్లల ఎదుట ఏడవకూడదనుకునే రోజులవి.

అయితే ఆ దుఃఖం కన్నీళ్లతో ఆగలేదు. ఆయన పేరుమీద నిధి ఏర్పడి, ఆయనను చంపిన క్యాన్సర్ మీద పరిశోధనకు డబ్బు వెళ్లింది. ఈ నిధి ఒక్కటే మందు కనిపెట్టిందని నేను చెప్పను, అది నిజం కాదు. అసలు మందు మరోచోట, వేరే పని చేస్తుండగా బయటపడింది. 1965లో బార్నెట్ రోసెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త నీళ్లలో ప్లాటినం తీగలు పెట్టి, కరెంటు వలన సూక్ష్మజీవులకు ఏమవుతుందో చూస్తున్నాడు. అవి విభజన చెందడం మానేశాయి. కారణం కరెంటు కాదు, ప్లాటినం. అందులోనుండి వచ్చినదే సిస్‌ప్లాటిన్. 1974లో ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే డాక్టరు దానిని మరి రెండు మందులతో కలిపి ఇచ్చాడు. అంతవరకు ఈ జాతి క్యాన్సర్ శరీరమంతా ప్రాకితే పదిమందిలో ఒకరు బ్రతకడమే గొప్ప. తరువాత సుమారు ఎనిమిదిమంది బ్రతకసాగారు. అమెరికా ప్రభుత్వం 1978లో ఆ మందును అనుమతించింది. పికోలో పోయిన ఎనిమిదేండ్లకు!

ఇప్పుడు యౌవనస్థులూ, వారి తలిదండ్రులూ కాస్త వినండి. మందిరంలో ఈ మాట ఎవరూ మాట్లాడరు గనుక నేను మాట్లాడుతున్నాను. ఈ జాతి క్యాన్సర్ ఎక్కువగా మగవారి వృషణంలో పుడుతుంది, కొందరికి ఛాతీలో పుడుతుంది. పదిహేను, ముప్పై అయిదు ఏండ్ల మధ్యవారికే ఎక్కువ. నొప్పి లేని గట్టి గడ్డగానో, బరువుగానో మొదలవుతుంది. నొప్పి లేదు గదా అని ఊరుకుంటారు, సిగ్గుచేత ఎవరికీ చెప్పరు. డాక్టరు చేతితో చూసి, స్కానింగు, రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది. తొందరగా చూపించుకున్నవారిలో నూటికి తొంభై అయిదుమందికి పైగా బ్రతుకుతున్నారు. ఛాతీలో పుట్టినది నేటికీ కష్టమైనదే, దాచిపెట్టడం ఎందుకు? మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. డబ్బు లేదని ఇంట్లో కూర్చోవద్దు.

ఉత్తరం వ్రాసిన బాబూ, నీ ఆటగాని కొరకు ఏడువు. మీ తాతయ్యను గూర్చి మీ ఇంట్లోవాళ్లు అన్నమాట కూడా ఒకసారి ఆలోచించు. దూరపువాని కొరకు ఏడ్చినప్పుడు, దగ్గరివారికొరకు లోపల దాచిన కన్నీళ్లు కూడా కొన్ని బయటికి వస్తాయి. నీకు అలాగే జరిగి ఉండవచ్చు.

పికోలో వేసుకున్న 41వ నంబరు చొక్కాను బేర్స్ జట్టు ఇంకెవరికీ ఇవ్వలేదు. సేయర్స్ 2020 సెప్టెంబరులో చనిపోయాడు. ఆ నిధి తరువాతి కాలంలో రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు కూడా సహాయపడింది. పికోలో పెరిగిన ఫ్లోరిడా ప్రాంతంలో, కూపర్ సిటీలో, ఆయన పేరున ఒక పెద్ద పార్కు ఉంది. అక్కడి మైదానాల్లో మన క్రికెట్ కూడా ఆడతారు.