దాగలి ఒంటి మీది లెక్కలు

నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరిన దాగలికి సాధారణంగా విడిగా ధర కట్టరు. అరిగిన గుంటక పాసలు, విరిగిన గడ్డపారలతో పాటే కాటా ఎక్కుతుంది. అక్కడి నుంచి లారీలో కరిగించే కొలిమికి పోతుంది. అది ఎవరు చేసిందో, ఎప్పటిదో అడిగే మనిషి దొరకడం అరుదు. అలా పోనివ్వడం అన్యాయం. తయారుచేసిన ఊరు, కంపెనీ, బరువు, ఒక్కోసారి ఏకంగా తయారైన సంవత్సరం కూడా దాగలి ఒంటి మీదే రాసి ఉంటాయి.

పల్లె కమ్మరి వాడే సంప్రదాయ దాగలి మీద మాత్రం రాత ఉండదు. అది నాలుగు పలకల ఇనుప దిమ్మె. కొమ్ము ఉండదు. తుమ్మ మొద్దులో దిగేసి, నేలకు దగ్గరగా నిలిపి, కమ్మరి కూర్చుని కర్రు సాగగొట్టేవాడు. కొమ్ము, సన్నని నడుము, వెడల్పు పాదం ఉన్న దాగలి కనబడితే అది వేరే దారిన వచ్చిందని అనుకోవచ్చు.

ఆ దారులు పల్నాట చాలానే ఉన్నాయి. గుంటూరు–మాచర్ల మీటర్ గేజ్ రైలు మార్గం 1930లో వచ్చింది. మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం 1958లో మొదలైంది. అన్నిటికంటే పెద్ద పని నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అది రాతి ఆనకట్ట. రాయి చెక్కాలంటే ఉలి కావాలి, ఉలి మొన మొద్దుబారితే కొలిమిలో కాల్చి, దాగలి మీద సాగగొట్టి, మళ్లీ పదును పట్టాలి. ఇంత రాతిపని జరిగిన చోట కొలిమి ఆరే వీలుండదు. నాపరాయి క్వారీల్లో కూడా గడ్డపారలకూ ఉలులకూ ఇదే అవసరం. పని ముగిసిన చోట మిగిలిన సరంజామా చేతులు మారుతూ పోతుంది.

ఇంగ్లండు దాగలి దొరికితే కొమ్ము కుడిచేతి వైపు వచ్చేలా నిలబడి పక్క భాగం చూడాలి. నడుము మీద మూడు అంకెలు విడివిడిగా కొట్టి ఉంటాయి. అవి తేదీ కాదు, మోడల్ నంబరూ కాదు, తూకం. మొదటి అంకె హండ్రెడ్‌వెయిట్లు, అంటే ఒక్కొక్కటి 112 పౌన్లు. రెండోది అందులో పావు భాగాలు, ఒక్కొక్కటి 28 పౌన్లు. మూడోది విడి పౌన్లు. 1, 3, 14 అని ఉంటే 112, 84, 14 కలిపి 210 పౌన్లు, అంటే సుమారు 95 కిలోలు. ఈ పద్ధతిలో నడిమి అంకె 3 దాటదు, చివరిది 27 దాటదు. దాటితే లెక్క వేరే దేశానిదని అర్థం. అమెరికా దాగళ్ల మీద నేరుగా పౌన్లే వేస్తారు. కాటా మీద ఎక్కించి, వచ్చిన కిలోలను ఈ అంకెలతో పోల్చి చూస్తే అంకెలు సరిగా చదివామో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది.

పేర్లలో ఎక్కువగా వినిపించేది ఇంగ్లండులోని డడ్లీకి చెందిన పీటర్ రైట్. దాని మీద పేటెంట్ అనే మాట, గుండ్రంగా రాసిన ‘సాలిడ్ రాట్’ అనే ముద్ర ఉంటాయి. షెఫీల్డు దగ్గరి మౌస్‌హోల్ కార్ఖానా తన చివరి దశ దాగళ్ల మీద ఎలుక బొమ్మ కూడా కొట్టేది. అక్కడ తయారీ 1930లలో ఆగిపోయింది. ఇంగ్లండ్ అన్న దేశం పేరు ఉంటే అదీ ఒక ఆధారమే. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా పెట్టిన చట్టం 1891 నుంచి అమల్లోకి వచ్చింది. అందుచేత ఆ మాట ఉన్నది చాలావరకు ఆ తర్వాతి సరుకే అనుకోవచ్చు. బ్రూక్లిన్‌లో తయారైన హే-బడెన్ దాగలికైతే కొమ్ము కిందుండే పాదం అంచున వరుస సంఖ్య ఉంటుంది. రిచర్డ్ పోస్ట్‌మన్ అనే అమెరికన్ 1998లో దాగళ్ల చరిత్ర మీద వేసిన పెద్ద పుస్తకంలో ఇలాంటి సంఖ్యలను సంవత్సరాలతో జతచేశారు. బాణం గుర్తు, దాని కింద ఇంగ్లిషు ‘ఐ’ అక్షరం కనబడితే అది బ్రిటిష్ కాలపు భారత సైన్యం సామాను.

ఈ ముద్రలు ఒక చూపుకు దొరకవు. దశాబ్దాల తుప్పు, బొగ్గు మసి, పైన నాలుగు పూతల పెయింటు. గ్రైండర్ జోలికి అసలు పోకూడదు. తీగ బ్రష్‌తో నిదానంగా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరాక సుద్దపొడి అద్ది వేలితో పామాలి. గుంటల్లో తెల్లపొడి నిలబడుతుంది, అరిగిన అక్షరం వంపు బయటపడుతుంది. చీకటి పడ్డాక టార్చిలైటు పక్కవాటుగా వేసి చూస్తే, పగలు సున్నాలా కనిపించిన అంకె 6 అని తెలిసిపోవచ్చు. ఫొటో కూడా ఆ వెలుగులోనే తీయాలి.

అక్షరాలు పూర్తిగా పోయినా దారి ఉంది. నడుములోనూ పాదం అడుగునా చతురస్రపు గుంటలు కనిపిస్తే అది సమ్మెటలతో సాగగొట్టి చేసిన దాగలి. ఎర్రగా కాలిన దిమ్మెను తిప్పడానికి కడ్డీలు దూర్చింది ఆ గుంటల్లోనే. పై మొహం కింద పక్కగా సన్నని గీత ఉంటే, మెత్తని ఇనుప దేహం మీద ఉక్కు పలక అతికారన్నమాట. అక్షరాలు లోపలికి కాక పైకి ఉబ్బి ఉంటే పోత పోసింది. పై మొహం మీద చదరపు బెజ్జం ఒక్కటే ఉండి, నాడాకు బెజ్జాలు కొట్టేందుకు వాడే చిన్న గుండ్రటి బెజ్జం లేకపోతే 19వ శతాబ్దం తొలి దశాబ్దాలదో, అంతకు ముందుదో కావచ్చు.

సుత్తితో మెల్లగా తడితే గంటలా మోగడం ఉక్కు మొహానికి మంచి గుర్తే. కానీ మోగనంత మాత్రాన చెత్త అనుకోకూడదు. గద్ద బొమ్మ ఉండే అమెరికా ఫిషర్ దాగలి మోగదు, అయినా దాని పై మొహం గట్టి ఉక్కే. అందుకే పెద్ద బేరింగు గోళీని జానెడు ఎత్తు నుంచి వదిలి చూడటం మేలు. ముప్పాతిక ఎత్తుకు తిరిగి ఎగిరితే పదును బాగా ఉన్నట్టు. సగానికి లోపే ఆగితే మెత్తబడ్డట్టు. ఒక్కచోట చూసి వదిలేయకుండా మొహమంతా పరీక్షించాలి.

కొమ్ము దాగలి కొనలేని కొలిమికి రైలు పట్టా ముక్కే దాగలి. దీని వయసు తేల్చడం ఇంకా సులువు. పట్టా నిలువు భాగం మీద ఉబ్బెత్తు అక్షరాలతో తయారీదారు పేరు, సైజు, నెల, సంవత్సరం వరుసగా వస్తాయి. నెలను చాలాసార్లు రోమన్ అంకెల్లో వేస్తారు. 90 ఆర్ అంటే గజానికి 90 పౌన్ల పట్టా. 52, 60 కిలోలని ఉంటే మీటరు లెక్క, ఆ తర్వాతి కాలపు బరువైన పట్టాలు. భిలాయ్ పేరుంటే 1960కి ముందుది కాదు. ముక్క కోసినప్పుడు ఈ వరుసలో సగమే మిగులుతుంది కాబట్టి ఉన్న కాస్తనూ జాగ్రత్తగా చదవాలి. అమ్మకపు బిల్లు కూడా అడగాలి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం, వేలంలో కొన్నట్టు చూపించే కాగితం ఉంటే చిక్కు లేదు.

రాతే లేని పల్లె దిమ్మెకు మిగిలేది అమ్మేవాళ్ల మాట ఒక్కటే. ఏ ఊరి కొలిమిది, ఎన్ని తరాలు పనిచేసింది, ఎవరి దగ్గర కొన్నారు అని కాటా ఎక్కకముందే అడిగి, ఫొటో వెనకాల రాసి పెట్టుకోవాలి. ‘సాగర్ పని అయిపోయాక తాత తెచ్చాడు’ అన్న జవాబు వస్తే, ఆ దిమ్మె ఆ ఇంటికి 1960ల చివర్లోనో ఆ తర్వాతో చేరిందని తేలుతుంది.