ఊర్పు, ఉసురు, దమ్ము

చెవికి వినవచ్చు ఊపిరికి తెలుగున పేరులు పెక్కు గలవు. వానిలో నిట్టూర్పు ప్రసిద్ధము. నిడు అనగా దీర్ఘమైనది. ఊర్పు అనగా ఊపిరి. ఈ రెండును కలియగా డకారము ద్విరుక్తటకారమైనది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము ఈ సంధిని సూత్రీకరించినది. ఆ సూత్రముచేతనే కుఱు, ఉసురు కలిసి కుట్టుసురైనది.

ఊర్పు, ఉసురు ఒక్క మూలమున పుట్టినవే. తమిళమున ఉయిర్, కన్నడమున ఉసిరు వీని తోబుట్టువులు. ఉసురనగా ఊపిరియే గాక ప్రాణమును. కనుకనే దుర్బలుని బాధించువానితో “వాని ఉసురు తగులును” అని పెద్దలందురు. నోరెత్తలేనివానికి నిట్టూర్పే ఫిర్యాదు.

బీబీపేట వంటి తెలంగాణ గ్రామములలో పారసీకమునుండి ఉర్దూ ద్వారా వచ్చిన దమ్ము కూడ ఈ కుటుంబమున చేరినది. ఊరి పేరులోనే ఉర్దూవారి బీబీయు, మన పేటయు కలసియున్నవి గదా! “దమ్మున్నవాడు” అనిన ధైర్యశాలి. “దమ్మొస్తున్నది” అనిన ఆయాసము. మొదటి అర్థము మాత్రమే యెఱిగిన వైద్యునికి రోగి మొఱ వినబడియు వినబడనట్లే. మాట పుట్టుక తెలియుట పాండిత్యమునకే కాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకును అక్కఱకు వచ్చును.