కోడ్ గోడ కూల్చబోతే గొడవ

వికీపీడియాలో రాయడాన్ని సులువు చేస్తామంటూ వచ్చిన ఎడిటర్‌ను మూడు నెలల్లోపే పాతకాపులు పక్కన పెట్టించారు. కారణం మొండితనం ఒక్కటే కాదు

ఓ శాసనసభ నియోజకవర్గం గురించిన వికీపీడియా పేజీలో గెలిచిన అభ్యర్థి ఓట్ల సంఖ్య తప్పుగా ఉంది. గమనించిన రిటైర్డ్ ఉపాధ్యాయుడెవరో సరిదిద్దుదామని మీట నొక్కారనుకోండి. ఒకప్పుడైతే ఆయనకు కనిపించేది అంకె కాదు. నిలువు గీతలు, రెండేసి చదరపు బ్రాకెట్లు, మీసాల బ్రాకెట్లు, వరసగా కొటేషన్ గుర్తులు. మారు మాట్లాడకుండా పేజీ మూసేయడమే మిగిలేది.

ఆ గుర్తుల భాషే వికీ మార్కప్. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ తొలి వికీని తయారు చేసినప్పుడు అది నిజంగానే సులువైన దారి. హెచ్‌టీఎంఎల్ రాకపోయినా పేజీ రాసేయొచ్చు. 2001లో మొదలైన వికీపీడియా పెరిగేకొద్దీ మూసలు, పట్టికలు, మూలాల చిట్టాలు వచ్చి చేరాయి. సులువు కాస్తా చిక్కుముడి అయింది. ఇంగ్లిష్ వికీపీడియాలో 2007లో 51 వేలు దాటిన చురుకైన రచయితల సంఖ్య 2013 వేసవికి సుమారు 31 వేలకు పడిపోయింది. (కొత్తవారి రాతలను పాతవారు నిర్దాక్షిణ్యంగా చెరిపేయడమూ ఇందుకు కారణమే.) 2008 డిసెంబర్‌లో స్టాంటన్ ఫౌండేషన్ ప్రకటించిన 8.9 లక్షల డాలర్లతో వికీమీడియా ఫౌండేషన్ టూల్‌బార్లకు, పేజీ రూపానికి మెరుగులు దిద్దింది. కానీ గుర్తులు గుర్తుల్లాగే ఉండిపోయాయి.

ఈమెయిల్ రాసే పెట్టెలో ఉన్న సౌకర్యం ఇక్కడెందుకు లేదన్నది ఎవరికైనా వచ్చే సందేహమే. చిక్కంతా తిరుగు ప్రయాణంలో ఉంది. మార్కప్‌ను పేజీగా మార్చడం మీడియావికీ సాఫ్ట్‌వేర్‌కు తెలుసు. పేజీని మళ్లీ మార్కప్‌గా మార్చడం అప్పట్లో తెలియదు. ఆ ఎన్నికల ఫలితాల పట్టికనే తీసుకోండి. ఒక మూస పట్టికను తెరుస్తుంది, అభ్యర్థికొకటి చొప్పున వరుసలు చేరుస్తుంది, చివరి మూస ముగిస్తుంది. విడివిడిగా చూస్తే ఏదీ పూర్తి పట్టిక కాదు. అంకె ఒక్కటి మార్చినా పేజీలో మరో యాభైచోట్ల ఖాళీలు, గుర్తులు అటూ ఇటూ అయితే, ఎవరేం మార్చారో పోల్చి చూసే స్వచ్ఛంద కాపలాదారుల పని అంతే సంగతులు. అందుకే ముందుగా పార్సాయిడ్ అనే రెండు వైపులా పనిచేసే ప్రోగ్రామ్ తయారైంది. పేజీలోని ప్రతి ముక్కా మూలంలో ఎక్కడిదో అది గుర్తుపెట్టుకుంటుంది. మార్చిన ముక్కనే తిరగరాస్తుంది. ముట్టుకోనిదాన్ని పొల్లుపోకుండా అలాగే ఉంచాలి.

ఉంచాలి అన్నది లక్ష్యం. 2013 జూలై 1న ఇంగ్లిష్ వికీపీడియాలో ఖాతా ఉన్నవారందరికీ విజువల్ ఎడిటర్ తెరుచుకుంది. త్వరలోనే వ్యాసాల మధ్య చదరంగం బంటు బొమ్మలు ప్రత్యక్షమయ్యాయి. ఎడిటర్ లోలోపల తాత్కాలికంగా వాడుకునే గుర్తు అది, బయటికొచ్చేసింది. అలవాటు కొద్దీ ఎవరైనా బ్రాకెట్లు కొడితే వాటి చుట్టూ అక్కర్లేని ట్యాగులు చేరేవి. పెద్ద వ్యాసాలు తెరుచుకోవడానికే తంటా. ఈ చెత్త ఊడ్చే పని జీతం లేని పాత రచయితలదే. జర్మన్, డచ్ వికీపీడియాల్లోనూ వ్యతిరేకత వచ్చింది. చివరికి ఇంగ్లిష్ రచయితలు చర్చించి కోరుకున్నవారికే ఇవ్వాలని తేల్చారు. సెప్టెంబర్‌లో నిర్వాహకుడొకరు సైట్ స్క్రిప్టునే మార్చి దాన్ని అమలు చేశారు. సర్వర్లు ఫౌండేషన్‌వి, రాత స్వచ్ఛంద సేవకులది. అధికారం ఎవరిదన్న ప్రశ్నకు అప్పటికి దొరికిన జవాబు అదీ.

ఆ దెబ్బ మేలే చేసింది. తప్పులు సరిదిద్దారు. వెబ్ చిరునామా ఇస్తే చాలు, మూలం వివరాలను తానే నింపే సైటాయిడ్ 2015లో జతపడింది. ఇది పాతవారికీ నచ్చింది. అదే ఏడాది కొత్త ఖాతాలవారిపై జరిపిన పరీక్షలో మాత్రం అద్భుతాలేమీ కనిపించలేదు. విజువల్ ఎడిటర్ దొరికినంత మాత్రాన వాళ్లు ఎక్కువ రాసెయ్యలేదు. గుర్తులు పోయినా ఏం రాయాలి, ఎలా నిలుపుకోవాలి అన్న చిక్కులు ఉన్నాయిగా.

2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా లాంటిచోట మరో తంటా ఉంది. 'స్త్రీ' చదివేవారికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు. ఇంగ్లిష్ మీటలతో తెలుగు టైపు చేసేటప్పుడు ముందు 'క్' పడుతుంది, అచ్చు మీట నొక్కాక అది 'క'గా మారుతుంది. మూలపాఠం పెట్టెలో ఈ మార్పును బ్రౌజరే చూసుకుంటుంది. విజువల్ ఎడిటర్ మాత్రం పేజీ లెక్కను తనదగ్గర విడిగా రాసుకుంటుంది. టైపింగ్ పరికరం, బ్రౌజర్, ఎడిటర్‌ల లెక్క కుదరకపోతే కర్సర్ గెంతుతుంది, అక్షరం రెండుసార్లు పడుతుంది లేదా మాయమవుతుంది. ఇంగ్లిష్ మాత్రమే టైపు చేసేవారికి ఈ బాధ తట్టదు.

ఇప్పుడు ఆ రిటైర్డ్ ఉపాధ్యాయుడు విజువల్ ఎడిటర్‌లో ఫలితాల పట్టికను నొక్కితే ఓ ఫారం తెరుచుకుంటుంది. అభ్యర్థి పేరు, పార్టీ, ఓట్లు. అంకె మార్చి ప్రచురిస్తే సరి. ఆ అంకె ఎక్కడిదో మూలం చూపకపోతే, ఇంకెవరో వచ్చి పాత అంకెనే తిరిగి పెట్టేయొచ్చు.