అనుమానితునిపై కాల్పులు - చట్టం, షరీఅత్

వరంగల్ కేంద్ర కారాగారం నుండి హైదరాబాదు కోర్టుకు తీసుకుపోతున్న ఐదుగురు విచారణ ఖైదీలు 2015 ఏప్రిల్ 7న ఆలేరు వద్ద పోలీసు వ్యానులోనే కాల్పులకు గురై మరణించారు. వారి చేతులకు బేడీలున్నాయి. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసుల వాదన. అదే రోజు శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగలన్న అనుమానంతో తమిళనాడుకు చెందిన 20 మందిని కాల్చి చంపారు. రాళ్ళతో, గొడ్డళ్ళతో దాడి చేశారని అక్కడి వాదన. మేడారం ప్రాంతానికి ఇలాంటి మాటలు కొత్తవి కావు. దగ్గరలోని చల్పాక అడవిలో 2024 డిసెంబర్ 1న ఏడుగురు మావోయిస్టులు మరణించినప్పుడూ "ఎదురుకాల్పులు" అనే చెప్పారు.

2025 సెప్టెంబర్ 2 నుండి ఇదే ప్రశ్న సముద్రం మీదికి వచ్చింది. మాదకద్రవ్యాలు తెస్తున్నాయన్న అనుమానంతో అమెరికా సైన్యం కరేబియన్ సముద్రంలో పడవలను పేల్చివేయసాగింది. మొదటి దాడిలో 11 మంది మరణించారని ఆ దేశాధ్యక్షుడే ప్రకటించాడు. స్మగ్లింగు ముఠాలతో తాము సాయుధ పోరాటంలో ఉన్నామని ఆ ప్రభుత్వ వాదన. కాని సరుకు రవాణా, అది ఎంత హేయమైనదైనా, యుద్ధం కాదు. యుద్ధం లేనిచోట ఎదుటివారి ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉండి, వేరే మార్గం లేనప్పుడే ప్రాణం తీయవచ్చు. 1988 నాటి వియన్నా ఒప్పందం చూపిన దారి వేరు: పడవ ఏ దేశపు జెండాతో ఉందో ఆ దేశపు అనుమతితో దానిని ఆపి, ఎక్కి, సోదా చేయాలి.

మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద భారీ సరుకుతో మొదటిసారి పట్టుబడి నేరం రుజువైనా శిక్ష 10 నుండి 20 ఏళ్ళ జైలు. చెట్టు నరికినందుకు ఏ చట్టంలోనూ మరణశిక్ష లేదు. ఆత్మరక్షణ హక్కు పోలీసుకూ ఉంది, కూలీకీ ఉంది. ఆ వాదన నిజమో కాదో తేల్చవలసింది మాత్రం కాల్చినవారు కాదు, న్యాయస్థానం.

షరీఅత్ అయితే ఇంకా ముందే చంపేదని అనేవారున్నారు. దారిదోపిడీకి కఠిన శిక్షలు చెప్పిన అల్ మాయిదా సూరా 33వ ఆయత్ వద్దే వారు ఆగిపోతారు. పట్టుబడక ముందే పశ్చాత్తాపపడినవారిని 34వ ఆయత్ మినహాయించింది. దూరం నుండి పేల్చివేసినవానికి ఆ తలుపు తెరుచుకునేదెప్పుడు? శిక్ష విధించేది ఖాజీ. సందేహం ఉంటే హద్దు శిక్ష ఆగిపోవాలన్నది ఫుఖహాల సూత్రం. ఆయుధం పట్టిన తిరుగుబాటుదారుల్లో సైతం గాయపడినవాణ్ణి చంపరాదని, పారిపోయేవాణ్ణి వెంటాడరాదని జమల్ యుద్ధంలో హజ్రత్ అలీ (రజి) ఆదేశించారు. కరేబియన్‌లో తొలి దాడి నుండి బతికినవారిపై రెండవ దాడి కూడా జరిగింది.

ఇటువంటి ప్రతి మరణంపైనా కేసు నమోదు, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్ట్రేటు విచారణ జరగాలని మన సుప్రీంకోర్టు 2014లో నిర్దేశించింది. శేషాచలం మృతుల బంధువులు కోర్టుకెక్కి మళ్ళీ పోస్టుమార్టం చేయించగలిగారు. పేలిపోయిన పడవ విషయంలో పంచనామాకు ఏమీ మిగలదు.